తెలుగు బ్లాగుకు చదువరులు ఎక్కడి నుంచి వస్తారు: గూగుల్, వాట్సాప్, ఫేస్‌బుక్‌లలో ఏది ఎవరికి?

ఖర్చు లేదు కదా అని చాలామంది అన్నిట్లోనూ ఖాతా తెరిచేస్తారు. ఫేస్‌బుక్‌లో పేజీ, ఇన్‌స్టాలో ప్రొఫైల్, టెలిగ్రామ్ చానల్, వాట్సాప్ చానల్, పింటరెస్ట్, అవి చాలవన్నట్టు ఎక్స్. మొదటి నెల హుషారుగానే గడుస్తుంది. ఆ తర్వాత ఒక్కో పోస్టునూ ఆరు చోట్ల ఆరు సైజుల బొమ్మలతో పెట్టడానికే సాయంత్రం అయిపోతుంది. కొత్త పోస్టు రాసే తీరిక ఎక్కడుంటుంది? ఉద్యోగమో ఇల్లో చూసుకుంటూ బ్లాగుకు రోజుకు ఓ గంట మాత్రమే ఇవ్వగలిగేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆ గంట దేని మీద పెడితే మేలు, దేన్ని వదిలేసినా నష్టం లేదు అన్నదే చూద్దాం.

ముందు మీ విషయం ఏ రకమో తేల్చుకోండి

కొన్ని విషయాల్ని జనం వెతుక్కుంటూ వస్తారు. ఆవకాయకు ఉప్పు, కారం, ఆవపిండి కొలతలు, ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసుకోవడం, డీఎస్సీ సిలబస్, ఈ ఏడాది అమెరికాలో వినాయక చవితి ఏ రోజు... ఇలాంటివి. మరికొన్ని ఎదురుపడితేనే చదువుతారు. కథ, కవిత, ఊరి కబుర్లు, సినిమా మీద మీ అభిప్రాయం ఈ కోవలోవి. చిన్నప్పుడు గోదారి గట్టు మీద గడిపిన సాయంత్రాల గురించి మీరు ఎంత బాగా రాసినా, దాన్ని గూగుల్‌లో కొట్టి వెతికేవాళ్లు ఉండరు. అలాంటి బ్లాగుకు ఎస్‌ఈవో (గూగుల్ ఫలితాల్లో పైకి రావడం) పాఠాలు చెప్పేవాళ్ల మాట వినడం దండగ. అలాగే డీఎస్సీ సిలబస్ రాసేవాళ్లు ఇన్‌స్టా రీల్స్ కోసం రాత్రుళ్లు మేలుకోనక్కర్లేదు.

మీది ఏ రకమో సందేహంగా ఉంటే మూడు ఉచిత సాధనాలున్నాయి. వీటిలో నా ఓటు అన్నిటికన్నా మామూలుదానికే: గూగుల్ వెతుకుడు పెట్టెలో మీ విషయం సగం టైప్ చేసి, అదే పూర్తిచేసి చూపించే మాటలు చదవండి. జనం నిజంగా వెతుకుతున్న మాటలే అక్కడ కనిపిస్తాయి. ఒకసారి తెలుగు లిపిలో, ఒకసారి ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి చూడండి. రెండు జాబితాలూ వేరువేరుగా వస్తాయి.

రెండోది గూగుల్ ట్రెండ్స్. ఇది వెతుకులాటల లెక్క చెప్పదు. ఎక్కువగా వెతికిన సమయాన్ని 100గా పెట్టుకుని, మిగతా రోజుల్ని దానితో పోల్చి చూపిస్తుంది. అందుకే 100 కనిపించిందని లక్షమంది వెతుకుతున్నారని అనుకోకండి. దీని అసలు ఉపయోగం కాలం తెలుసుకోవడానికి. ఆంధ్రప్రదేశ్‌నో తెలంగాణనో విడిగా ఎంచుకుని ఐదేళ్ల గీత తీస్తే, ఆవకాయ వేసవిలో లేచి మిగతా ఏడాదంతా పడుకుని ఉంటుంది. అంటే ఆ పోస్టు మార్చి మొదటికల్లా సిద్ధంగా ఉండాలి. మామిడికాయలు మార్కెట్లోకి వచ్చాక రాస్తే గూగుల్ దాన్ని పట్టించుకునే సరికి జాడీలు అటకెక్కేస్తాయి.

మూడోది కీవర్డ్ ప్లానర్. గూగుల్ యాడ్స్ ఖాతా ఉంటే ఉచితమే గానీ, ప్రకటనలకు డబ్బు పెట్టనివాళ్లకు నెలకు 100 నుంచి 1,000, 1,000 నుంచి 10,000 అన్నట్టు పెద్ద పెద్ద అంతరాలతో చూపిస్తుంది. తెలుగు మాటల విషయంలో దీన్ని నేను పెద్దగా నమ్మను. ఖాతా తెరవడానికి పడే శ్రమకు తగ్గ ఫలం లేదు.

వెతికే విషయమైతే: సెర్చ్ కన్సోల్ ఒక్కటి గట్టిగా పట్టుకోండి

గూగుల్ సెర్చ్ కన్సోల్ పూర్తిగా ఉచితం. మీ బ్లాగు ఏ ప్రశ్నకు ఎన్నిసార్లు కనిపించింది, ఎన్ని క్లిక్కులు వచ్చాయి, సగటున ఏ స్థానంలో ఉంది అన్న వివరాలు 16 నెలల వెనక్కి చూపిస్తుంది. డబ్బు కట్టే సాధనాలు ఇచ్చేవి అంచనాలు. ఇది ఇచ్చేది మీ సొంత లెక్క. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంకేదీ పెట్టకపోయినా ఇది మాత్రం మొదటి రోజే పెట్టుకోవాలి, ఎందుకంటే మీరు చేరిన తర్వాతి లెక్కలనే నమ్మకంగా చూసుకోగలరు.

తెలుగు బ్లాగులకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ప్రశ్నల ఫిల్టర్ తెరిచి, కస్టమ్ రెజెక్స్ (అక్షరాల నమూనా ఇచ్చి ఏరే పద్ధతి) ఎంచుకుని, [అ-హ] అని ఇవ్వండి. తెలుగు లిపిలో వెతికిన ప్రశ్నలు మాత్రమే మిగులుతాయి. అదే ఫిల్టర్‌ను 'సరిపోలనివి' అని తిప్పితే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టినవాళ్లు బయటపడతారు. వంటలు, భక్తి విషయాల్లో నోటితో చెప్పి వెతికేవాళ్ల వల్ల తెలుగు లిపి ప్రశ్నలు బాగానే కనిపిస్తాయి. ఆఫీసు పనులు, అప్లికేషన్లు, పరీక్షల దగ్గరికి వస్తే ఇంగ్లిష్ అక్షరాలదే రాజ్యం. మీ బ్లాగు సంగతి ఎలా ఉందో ఈ ఒక్క ఫిల్టర్ చెబుతుంది. ఇంగ్లిష్ అక్షరాలవాళ్లు ఎక్కువగా ఉంటే పోస్టంతా మార్చక్కర్లేదు. పర్మాలింక్ (పోస్టుకు ఉండే శాశ్వత లింకు) వాళ్లు కొట్టే స్పెల్లింగులో పెట్టి, పోస్టు వివరణలో ఆ మాట ఒకసారి వచ్చేలా చూసుకుంటే చాలు.

పర్మాలింక్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. బ్లాగర్‌లో శీర్షిక మొత్తం తెలుగులో రాసి పబ్లిష్ కొడితే, అది తెలుగు అక్షరాల్ని వదిలేసి 'బ్లాగ్-పోస్ట్' అన్న పేరుతోనే లింకు తయారుచేస్తుంది, రెండో పోస్టు నుంచి దాని పక్కన ఏదో అంకె. చూసేవాడికి ఆ లింకులో ఏముందో తెలియదు. పబ్లిష్ కొట్టేముందే కుడివైపు సెట్టింగుల్లో కస్టమ్ పర్మాలింక్ ఎంచుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో మాట ఇవ్వాలి. వర్డ్‌ప్రెస్‌ది ఇంకో తీరు. అది తెలుగును అలాగే ఉంచుతుంది గానీ, కాపీ చేసినప్పుడు ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులూ అంకెలూ కలిసి తొమ్మిది అక్షరాలవుతుంది. 'ఆవకాయ'లో దీర్ఘంతో కలిపి ఐదు గుర్తులున్నాయి, అంటే 45 అక్షరాలు. ఇంగ్లిష్‌లో రాస్తే ఏడు. నాలుగు మాటల తెలుగు శీర్షికను లింకుగా వాట్సాప్‌లో పెడితే గజం పొడవున పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. పెద్దవాళ్లు దాన్ని వైరస్ లింకు అనుకుని ముట్టుకోరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇక ఈ దారికున్న లోటు, ఆలస్యం. కొత్త బ్లాగుకు గూగుల్ నుంచి జనం రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా చేయదగ్గ పని ఒకటుంది. సగటు స్థానం 8 నుంచి 15 మధ్య ఉండి, ఇంప్రెషన్లు (వెతికినప్పుడు కనిపించిన సార్లు) బాగా ఉన్నా క్లిక్కులు లేని పోస్టుల్ని వారానికోసారి ఏరండి. అవి గుమ్మం దాకా వచ్చి ఆగినవి. శీర్షిక మార్చి, జనం అడుగుతున్న ప్రశ్నకు మొదటి పేరాలోనే జవాబు పెట్టి, మీ పాత పోస్టుల నుంచి దానికి రెండు లింకులిస్తే చాలావరకు కదలిక వస్తుంది. కొత్త పోస్టు రాయడం కన్నా ఈ మరమ్మతుకే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

గూగుల్ ఇప్పుడు చాలా ప్రశ్నలకు ఏఐ జవాబు తనే పైన చూపించేస్తోంది. ఫలానా పథకానికి చివరి తేదీ ఎప్పుడు అన్నంత చిన్న జవాబు కోసం ఇక మీ పేజీ దాకా ఎవరూ రారు. కాబట్టి వెతికే విషయాల్లోనూ పని చేసి చూసినవాళ్లే చెప్పగలిగేది రాయాలి. ఈసీ కోసం దరఖాస్తు చేసేటప్పుడు దస్తావేజు నంబరు, సంవత్సరం ఎక్కడ చూసుకోవాలి, ఏ గడిలో తప్పు పడితే వెనక్కి వస్తుంది అన్నలాంటివి, స్క్రీన్‌షాట్లతో.

బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ కూడా ఉచితమే. సెర్చ్ కన్సోల్ నుంచి నేరుగా దిగుమతి చేసుకోవచ్చు. ఒకసారి పెట్టేసి మర్చిపోండి.

వాట్సాప్: అందరూ ఉన్న చోటు, లెక్క తెలియని చోటు

తెలుగువాళ్లలో ఫోనున్న ప్రతి ఇంటికీ చేరే దారి ఇదే. అయితే ఇందులోనూ నాలుగు దారులున్నాయి, నాలుగూ ఒకటి కాదు.

మొదటి యాభైమంది చదువరుల కోసం బ్రాడ్‌కాస్ట్ జాబితా చాలు. ఒక్కో జాబితాలో 256 మంది దాకా పెట్టొచ్చు, మెసేజ్ ఎవరికి వారికి విడిగా వెళ్తుంది. మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. ఇది ఇబ్బందిలా కనిపిస్తుంది గానీ, నిజానికి మంచి జల్లెడ. నంబరు సేవ్ చేసుకున్న మనిషి మీరు పంపింది చూస్తాడు. స్టేటస్ కూడా దీనికి తోడు పెట్టుకోవచ్చు, ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

గ్రూపులో 1,024 మంది పడతారు, కానీ దాన్ని నడపడం ఇంకో ఉద్యోగం. పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయాలు, మధ్యాహ్నం రాజకీయాలు, రాత్రి ఎవరో ఎవరినో ఏదో అన్నారని అలకలు. చర్చ అవసరమైన విషయమైతేనే, ఉదాహరణకు మిద్దెతోట బ్లాగు లాంటిదైతేనే గ్రూపు పెట్టండి. అడగకుండా చుట్టాలందర్నీ చేర్చేయడం మాత్రం వద్దు.

2023 సెప్టెంబరులో మనదేశంలోకి వచ్చిన చానళ్లకు సభ్యుల పరిమితి లేదు, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు, గొడవలుండవు. లోటేమిటంటే చేరినవాళ్లకు నోటిఫికేషన్లు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. ఫాలోయర్ల సంఖ్య ఘనంగా కనిపిస్తుంది, చూసేవాళ్లు అంతమంది ఉండరు. రోజూ ఏదో ఒక కొత్త సమాచారం ఉండే బ్లాగులకే ఇది నప్పుతుంది.

ఫార్వర్డుల మీద ఆశ తగ్గించుకోవాలి. 2018 నుంచి మన దగ్గర ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపడం కుదరదు. బాగా తిరిగిన మెసేజ్ అయితే 2020 ఏప్రిల్ నుంచి ఒక్కో చాట్‌కే.

లింకు పంపినప్పుడు కింద కనిపించే బొమ్మ, శీర్షిక మీదే క్లిక్ ఆధారపడి ఉంటుంది. 1200 బై 630 పిక్సెళ్ల బొమ్మ ఒకటి ప్రతి పోస్టుకూ ఉండాలి, దాని ఫైలు చిన్నదిగా ఉండాలి. కాన్వా ఉచిత ఖాతాతో ఈ పని అయిపోతుంది. బొమ్మ మీద తెలుగు శీర్షిక రాసేటప్పుడు యూనికోడ్ ఫాంట్ వాడండి. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిచ్చిన పాఠాన్ని తెచ్చి అతికిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. తెలుగు తెలియని ఎడిటర్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటాయి. డౌన్‌లోడ్ చేశాక ఫోన్లో ఒకసారి చూసుకోకుండా పంపకండి.

వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లు, బ్లాగుకు వచ్చేవాళ్ల లెక్క చూపించే గూగుల్ అనలిటిక్స్‌లో చాలావరకు 'డైరెక్ట్' కింద పడిపోతారు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. గూగుల్ వాళ్ల ఉచిత క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్‌తో లింకు చివర యూటీఎం తోక (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తు) తగిలించి, బ్రాడ్‌కాస్ట్‌కు ఒకటి, చానల్‌కు ఒకటి వేరువేరుగా పంపితే సంగతి బయటపడుతుంది.

ఫేస్‌బుక్: చదివిస్తుంది గానీ పంపించదు

కథలు, కవితలు, జ్ఞాపకాలు రాసేవాళ్లకు తెలుగులో ఇప్పటికీ ఇదే పెద్ద చావడి. ఒకప్పుడు కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు తెరిస్తే ఆరోజు ఎవరేం రాశారో ఒకేచోట కనిపించేది. ఆ చదువరుల్లో చాలామంది ఆ తర్వాత ఫేస్‌బుక్‌కు తరలిపోయారు.

చిక్కు ఏమిటంటే ఫేస్‌బుక్ మనిషిని గడప దాటనివ్వదు. ఒట్టి లింకు పడేస్తే పోస్టు ముందుకు కదలదు. ఫేస్‌బుక్ యజమాని మెటా విడుదల చేసే నివేదికల్లోనే అమెరికా ఫీడ్‌లో జనం చూసే పోస్టుల్లో 90 శాతానికి పైగా బయటి లింకులు లేనివని ఉంటుంది. మన ఫీడ్ తెరిచి చూసినా అలాగే అనిపిస్తుంది. అందుకే ఇక్కడ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. మీ రాత చదివితే చాలు, ఎక్కడ చదివినా ఫర్వాలేదు అనుకుంటే మొత్తం అక్కడే పెట్టేయండి, బ్లాగును భద్రపరిచే బీరువాగా వాడుకోండి. బ్లాగుకే రావాలంటే, తనంతట తాను నిలబడే ఒక భాగాన్ని పోస్టుగా పెట్టి లింకు మొదటి కామెంటులో ఇవ్వండి. 'మిగతాది బ్లాగులో' అని ఉత్కంఠ దగ్గర కోసేస్తే తెలుగు చదువరికి చిరాకు. రెండోసారి రాడు.

పేజీ, గ్రూపుల మధ్య నేనైతే గ్రూపుకే ఓటేస్తాను. కొత్త పేజీని డబ్బు పెట్టకుండా పెంచడం ఇప్పుడు కష్టం. వంటలు, మొక్కలు, సాహిత్యం, ఏదైనా జిల్లా చరిత్ర... దేనికైనా వేలమందితో గ్రూపులున్నాయి. చేరగానే లింకు పెడితే అడ్మిన్ తీసేస్తారు. కొన్నాళ్లు ఇతరుల ప్రశ్నలకు జవాబులు చెప్పి, అడిగినప్పుడే లింకు ఇస్తే తిరిగి వచ్చే చదువరులు దొరుకుతారు.

మిగతావి టూకీగా

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌లో పెట్టిన లింకు పనిచేయదు. బయోలోనో స్టోరీ స్టిక్కర్‌లోనో ఇవ్వాలి. యూట్యూబ్ షార్ట్స్ వివరణల్లో, కామెంట్లలో లింకులు 2023 ఆగస్టు చివరి నుంచి నొక్కినా తెరుచుకోవు. పేరు తెలియడానికి ఇవి పనికొస్తాయి, బ్లాగుకు మనుషుల్ని తేవడానికి కాదు. మీకు కెమెరా ముందు మాట్లాడటం ఇష్టమైతే పొడుగు వీడియోనే చేసి, వివరణలో లింకు ఇవ్వండి.

పింటరెస్ట్‌ను మనవాళ్లు పట్టించుకోరు, అదే దాని సుగుణం. ముగ్గులు, జాకెట్టు డిజైన్లు, పండగ అలంకరణలు, వంటలు... బొమ్మ చూసి వెతికే విషయాలన్నీ అక్కడ నడుస్తాయి. ప్రతి పిన్నూ నేరుగా మీ పోస్టుకు లింకు. ఫేస్‌బుక్ పోస్టు రెండు రోజుల్లో చల్లారిపోతే, ధనుర్మాసం ముగ్గుల పిన్ మళ్లీ ఏడాది అదే కాలానికి లేచి కూర్చుంటుంది. ముగ్గుల బ్లాగు నడిపేవాళ్లు వాట్సాప్ చానల్ మానేసైనా ఇది చేయాలి. చుక్కల లెక్కను పిన్ శీర్షికలోనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి.

టెలిగ్రామ్ పోటీ పరీక్షలవాళ్ల అడ్డా. ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ, డీఎస్సీ మెటీరియల్ రాసేవాళ్లు వాట్సాప్ కన్నా దీన్నే ఎంచుకోవాలి. పీడీఎఫ్‌లు పంపొచ్చు, పాత పోస్టులు వెతుక్కోవచ్చు, ఒక్కో పోస్టును ఎన్నిసార్లు చూశారో అంకె కనిపిస్తుంది. మిగతా విషయాలకు అక్కడ చదువరులు పెద్దగా దొరకరు. ఎక్స్‌లో సినిమా, క్రికెట్, రాజకీయం రాసేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు పని లేదు.

పరాయి నేల, సొంత జాబితా

బ్లాగర్‌లో 'ఈమెయిల్ ద్వారా పొందండి' పెట్టెను నడిపిన ఫీడ్‌బర్నర్ 2021 జులైలో మెయిళ్లు పంపడం ఆపేసింది. తెలుగులోనూ రాసుకునేందుకు వీలిచ్చిన మన దేశపు సోషల్ మీడియా యాప్ కూ 2024 జులైలో మూతపడింది. అక్కడ ఫాలోయర్లను పోగేసుకున్నవాళ్లకు మిగిలిందేమీ లేదు. ఏ దారి ఎంచుకున్నా, ఇష్టపడి వచ్చినవాళ్ల మెయిల్ చిరునామాలు ఒకచోట రాసుకుని ఉంచుకోవడం అందుకే.

తెలుగువాళ్లు మెయిల్ చదవరని ఒక మాట ఉంది. ఆఫీసు మనుషులు, అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లు చదువుతారు. పైగా తెలుగు కోసం మొహం వాచిపోయి ఉన్నది వాళ్లే. సెర్చ్ కన్సోల్‌లో దేశాల పట్టిక చూస్తే మీకు వాళ్లు ఎంతమందో తెలుస్తుంది. చెప్పుకోదగ్గంత ఉంటే మెయిల్ పెట్టండి, లేకపోతే ఇప్పుడే తొందర లేదు. సాధనాల్లో సబ్‌స్టాక్ తేలిక, మీరు చందా వసూలు చేయనంతకాలం ఉచితం. అయితే అది తానే ఒక బ్లాగు కాబట్టి మీ బ్లాగుకు పోటీ అవుతుంది. బ్రెవో ఉచిత ఖాతాలో రోజుకు 300 మెయిళ్లు పంపొచ్చు, చిన్న జాబితాకు అది చాలు. జీమెయిల్ నుంచే అందరికీ పంపేద్దామనుకోకండి. రోజుకు 500 మంది పరిమితి సంగతి అటుంచి, ఒకే మెయిల్ అంతమందికి వెళ్తే స్పామ్‌లో పడుతుంది.

గంటను ఎలా పంచాలి

సమాచారం రాసేవాళ్లు ముప్పావు గంట సెర్చ్ కన్సోల్ చూపించిన పాత పోస్టుల మరమ్మతుకూ కొత్త రాతకూ పెట్టి, మిగతా పావుగంటలో ఒక్క వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ చూసుకుంటే చాలు. కథలవాళ్లు గూగుల్‌ను పూర్తిగా పక్కనపెట్టి ఫేస్‌బుక్ గ్రూపులూ మెయిల్ జాబితా. వంటలవాళ్లకు గూగుల్, పింటరెస్ట్. పరీక్షలవాళ్లకు గూగుల్, టెలిగ్రామ్. ఊరి వార్తలు రాసేవాళ్లకు వాట్సాప్ తప్ప ఇంకేదీ అక్కర్లేదు, ఆ ఊరి జనమంతా ఉన్నది అక్కడే.

మూడు నెలలు ఇలా నడిపాక లెక్క చూడండి. బ్లాగర్ చూపించే వ్యూస్‌లో బాట్లు (మనుషులు కాని, తమంతట తిరిగే ప్రోగ్రాములు) కూడా కలిసి ఉంటాయి. ఒక రోజు ఉన్నట్టుండి ఏదో దేశం నుంచి వందల్లో వ్యూస్ కనిపిస్తే సంబరపడొద్దు. బ్లాగర్ సెట్టింగుల్లో, అనలిటిక్స్ ఇచ్చే మెజర్‌మెంట్ ఐడీ పెట్టి గూగుల్ అనలిటిక్స్ కలుపుకోండి. అందులో ఒక్కో దారి నుంచి ఎంతమంది వచ్చారన్నది కాదు, వచ్చినవాళ్లు ఎంతసేపు ఉన్నారు, రెండో పోస్టు తెరిచారా అన్నది చూడాలి. ఫేస్‌బుక్ నుంచి మూడు వందల మంది వచ్చి పది సెకన్లలో వెళ్లిపోతూ, బ్రాడ్‌కాస్ట్ నుంచి వచ్చిన నలభై మంది నాలుగేసి నిమిషాలు ఉంటే, ఫేస్‌బుక్ మీద పెడుతున్న టైమ్‌ను ఆ వారం నుంచే ఇటు మళ్లించండి.